అసెంబుల్డ్ కంప్యూటర్ ఒకసారి ఆన్ అయి ఒకసారి మొరాయిస్తుంటే తప్పు పట్టుకోవడం ఎలా

అసలు ఆన్ కాని కంప్యూటర్‌ను బాగుచేయడం తేలిక. చెడిన భాగం చెడిపోయే ఉంటుంది కాబట్టి ఒక్కొక్కటీ మార్చి చూస్తే దొరికిపోతుంది. పొద్దున మొరాయించి, నాలుగోసారి బటన్ నొక్కగానే ఏమీ జరగనట్టు ఆన్ అయ్యేదే అసలు తలనొప్పి. ర్యామ్ తీసి పెట్టగానే ఆన్ అవుతుంది, ‘ఓహో, ర్యామే’ అనుకుంటాం. మూడు రోజులకు మళ్ళీ అదే కథ. ఆ రోజు ర్యామ్ ముట్టుకోకపోయినా అది ఆన్ అయ్యేదేమో!

అందుకే ముందు చిన్న లెక్క. మీ కంప్యూటర్ అయిదుసార్లకు ఒకసారి మొరాయిస్తోందనుకోండి. ఏమీ బాగుచేయకుండానే అది వరుసగా 10 సార్లు ఆన్ అయ్యే అవకాశం దాదాపు 11 శాతం. 15 సార్లయితే 3.5 శాతం. కాబట్టి ఎన్నిసార్లకు ఒకసారి మొరాయిస్తుందో, దానికి మూడింతలు వరుసగా ఆన్ అయితేనే చేసిన మార్పు పనిచేసిందని నమ్మండి. అయిదుకు ఒకటైతే 15, పదికి ఒకటైతే 30. ఇంకో నియమం, ఒక విడతలో ఒక్కటే మార్చాలి. ర్యామ్ తుడిచి, బ్యాటరీ మార్చి, బయోస్ (కంప్యూటర్‌ను లేపే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) రీసెట్ చేసి, అన్నీ ఒకే సాయంత్రం కానిచ్చేస్తే బాగైనా ఏది బాగుచేసిందో తెలీదు, తిరగబెడితే మళ్ళీ మొదటికొస్తారు.

ముందు నాలుగు రోజులు రాసుకోండి

క్యాబినెట్ మూత తీయకుండా, మొరాయించిన ప్రతిసారీ ఒక కాగితం మీద ఇవి రాయండి. ఎంతసేపు ఆఫ్‌లో ఉన్నాక జరిగింది? రాత్రి గోడ స్విచ్ కూడా ఆపేశారా? బటన్ నొక్కితే ఏం కనిపించింది: ఏమీ లేదా, ఫ్యాన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిందా, ఫ్యాన్లు తిరిగినా తెర నల్లగానే ఉందా, లోగో దాకా వచ్చి ఆగిందా? చివరికి ఎలా ఆన్ అయింది: ఊరికే మళ్ళీ నొక్కితేనా, పవర్ కార్డు పీకి పెడితేనా, కాసేపు ఆగితేనా?

సగం జవాబు ఈ కాగితంలోనే దొరుకుతుంది. పొద్దున మాత్రమే మొరాయిస్తే ఎస్ఎంపీఎస్‌లో (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగ్గ వోల్టేజీలుగా మార్చే డబ్బా) ముదిరిన కెపాసిటర్లు (చార్జి నిలవ చేసే భాగాలు) లేదా మదర్‌బోర్డు మీది బ్యాటరీ. వేడెక్కి ఆగిపోయి, చల్లారేదాకా మళ్ళీ ఆన్ కాకపోతే ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ సరిగా కూర్చోలేదు. కార్డు పీకి పెడితేగానీ కదలకపోతే ఎక్కడో షార్ట్ తగిలి ఎస్ఎంపీఎస్ తనను తాను మూసుకుంటోంది. తానే రెండుమూడుసార్లు ఆన్, ఆఫ్ అయి చివరికి లేస్తే ర్యామ్ వైపు చూడాలి. పొద్దున మాత్రమే వచ్చే జబ్బుకు పైన చెప్పిన లెక్క ఇంకా ఓపిక అడుగుతుంది. మధ్యాహ్నం కూర్చుని 15 సార్లు ఆన్ చేసినా అది ఒక్క పరీక్ష కిందే లెక్క.

మూత తీయకముందు

స్పైక్ గార్డ్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, యూపీఎస్ అన్నీ పక్కనపెట్టి, వేరే పవర్ కార్డుతో నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి కొన్ని రోజులు చూడండి. స్పైక్ గార్డ్ లోపలి రేకులు వదులైపోవడం చాలా మామూలు. పాత 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. బ్యాటరీ నీరసించాక గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌ను ఆన్ అయ్యే క్షణంలో మోయలేదు.

క్యాబినెట్ రేకు ముట్టుకుంటే జివ్వుమంటోందా? టెస్టర్ పెడితే వెలుగుతోందా? ఇంట్లో ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని రేకు మీద 230 వోల్టుల్లో సగం దాకా తేలుతుంది. కరెంటు చాలా తక్కువే గానీ యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులకు అది మంచిది కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సంగతి ముందు తేల్చుకోండి.

తెర నల్లగా ఉన్నప్పుడు కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లోపల ఆన్ అయ్యే ఉంది, రానిది బొమ్మ మాత్రమే. అప్పుడు మానిటర్ ఇన్‌పుట్, కేబుల్ చూసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు ఉండగా కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో పెట్టడం కొత్తగా అసెంబుల్ చేసినవాళ్ళు తరచూ చేసే పొరపాటు.

యూఎస్‌బీ పరికరాలన్నీ పీకేసి కూడా ఒక విడత చూడండి. వంగిన పిన్నున్న ముందు పోర్టు ఒక్కటి చాలు బోర్డును ఆపడానికి.

బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే

ఇక్కడ అనుమానితులు మూడు: బటన్, ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డు. ఊహించక్కర్లేదు, ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్‌తో తేల్చేయవచ్చు.

మొదట బటన్. పవర్ కార్డు తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి మిగిలిన చార్జి పోనివ్వండి. మదర్‌బోర్డు కింది మూలలో క్యాబినెట్ స్విచ్ వైర్లు వచ్చి చేరే చోట రెండు వరసల పిన్లుంటాయి. ఎక్కువ బోర్డుల్లో 6, 8 పిన్లు పవర్ స్విచ్, 5, 7 రీసెట్, 10వ పిన్ ఉండదు. మీ బోర్డు మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకుని ఆ రెండు స్విచ్‌ల వైర్లూ తీసేయండి. కార్డు మళ్ళీ పెట్టి, 6, 8 పిన్లను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. కంప్యూటర్ లేవాలి. కొన్ని రోజులు ఇలాగే ఆన్ చేసి ఎప్పుడూ మొరాయించకపోతే తప్పు బటన్‌దే. క్యాబినెట్ మార్చక్కర్లేదు, రీసెట్ స్విచ్ వైరును పవర్ పిన్లకు తగిలించి దాన్నే పవర్ బటన్‌గా వాడుకోండి. లోపలికి దిగి ఇరుక్కుపోయిన రీసెట్ బటన్ కూడా బోర్డును లేవనివ్వదు, ఆ సంగతి చాలామందికి తట్టదు.

బటన్ బాగానే ఉంటే మీటర్ తీయండి. 24 పిన్ల పెద్ద కనెక్టర్ బోర్డుకు తగిలి ఉండగానే, వైర్లు లోపలికి దిగే వెనక వైపు నుంచి ఎర్ర ప్రోబ్ మొన దించాలి. నల్ల ప్రోబ్ నల్ల వైరుకు గానీ క్యాబినెట్ స్క్రూకు గానీ. రెండు పిన్లను ఒకేసారి తాకించకండి. వైర్లన్నీ నల్లగా ఉండే కొత్త ఎస్ఎంపీఎస్ అయితే మాన్యువల్‌లోని పిన్ల పటం పక్కన పెట్టుకోండి.

1. గోడ స్విచ్ ఆన్, కంప్యూటర్ ఆఫ్. 9వ పిన్ (ఊదా వైరు) చూడండి. ఇది స్టాండ్‌బై సప్లై, 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. లేకపోతే, ఊగిసలాడుతుంటే తప్పు దాదాపుగా ఎస్ఎంపీఎస్‌దే.

2. 16వ పిన్ (ఆకుపచ్చ వైరు). ఆఫ్‌లో ఉన్నప్పుడు 3 నుంచి 5 వోల్టులు చూపిస్తుంది. బటన్ నొక్కగానే 0.8 కంటే కిందికి పడాలి. బోర్డు ఎస్ఎంపీఎస్‌ను ‘లే’ అని పిలిచేది ఈ తీగ మీదే. మొరాయించిన క్షణంలో ఇది పడిపోయినా ఎస్ఎంపీఎస్ లేవకపోతే, దానికి పిలుపు అందినా అది కదలలేదన్నమాట: ఎస్ఎంపీఎస్ చెడింది, లేదా దాని ముందు షార్ట్ ఉంది. ఇది పడకుండా పైనే ఉంటే బోర్డు పిలవనేలేదు.

3. 8వ పిన్ (బూడిదరంగు వైరు). వోల్టేజీలన్నీ కుదురుకున్నాక ఎస్ఎంపీఎస్ ‘అంతా సిద్ధం’ అని చెప్పేది ఇక్కడే. ఆన్ అయిన అర సెకనులోపు 5 వోల్టుల దగ్గరికి రావాలి. రాకపోతే ఫ్యాన్లు తిరుగుతున్నా బోర్డు పని మొదలుపెట్టదు.

కంప్యూటర్ లేచాక 12 వోల్టుల తీగ 11.4 నుంచి 12.6 లోపు, 5 వోల్టుల తీగ 4.75 నుంచి 5.25 లోపు, 3.3 వోల్టుల తీగ 3.14 నుంచి 3.46 లోపు ఉండాలి. ఇక్కడో జాగ్రత్త. మామూలు మీటర్ సగటు చూపిస్తుంది. ఆన్ అయ్యే మొదటి క్షణంలో పడిన గుంతను అది పట్టుకోలేదు. కాబట్టి అంకెలు తప్పుగా ఉంటే ఎస్ఎంపీఎస్ చెడిందని నమ్మవచ్చు గానీ, బాగున్నంత మాత్రాన అది నిర్దోషి అని తేల్చకండి. స్నేహితుడి దగ్గరి మంచి ఎస్ఎంపీఎస్ తెచ్చి పెట్టి చూడటమే తుది పరీక్ష. అలా తెచ్చినప్పుడు దాని కేబుళ్ళు కూడా దానివే వాడాలి. మాడ్యులర్ (కేబుళ్ళు ఊడదీయగలిగే) ఎస్ఎంపీఎస్‌లలో కేబుల్ రెండు వైపులా అతికినట్టే దూరుతుంది గానీ లోపలి వైర్ల వరస కంపెనీకొకలా, కొన్నిసార్లు మోడల్‌కొకలా ఉంటుంది. పాత కేబుల్ కొత్త ఎస్ఎంపీఎస్‌కు పెట్టి ఎస్ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ కాల్చుకున్నవాళ్ళు ఎందరో.

ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. కార్డు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. అందులో బల్లి దూరి చచ్చిందని వాసన వల్ల తెలిసినా సరే, ఆ పని మెకానిక్‌కు వదిలేయండి.

పొద్దున జబ్బు సంగతి

మన ఇళ్ళలో రాత్రి గోడ స్విచ్ ఆపి పడుకోవడం అలవాటు. దీనివల్ల రెండు జరుగుతాయి. ఎస్ఎంపీఎస్‌లోని స్టాండ్‌బై సర్క్యూట్ పూర్తిగా చల్లారుతుంది. బయోస్ సెట్టింగులను, గడియారాన్ని రాత్రంతా బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీయే మోయాలి. గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే ఆ బ్యాటరీ మీద భారం దాదాపు ఉండదు.

కాబట్టి పరీక్ష ఇది: వారం పాటు రాత్రి గోడ స్విచ్ ఆపండి, ఇంకో వారం ఆన్‌లోనే ఉంచండి. ఉరుములు, మెరుపులున్న రాత్రి మాత్రం కార్డు పీకేయండి, ఆ రోజు లెక్కలోకి తీసుకోకండి. ఆపిన వారమే మొరాయిస్తే అనుమానితులు ఇద్దరే. గడియారం వెనక్కి పోయి ఉంటే, బయోస్ సెట్టింగులు మాటిమాటికీ మారిపోతుంటే బ్యాటరీ. అది సీఆర్2032, తీసి మీటర్‌తో చూస్తే 3 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. 2.8 కంటే కిందికి దిగితే మార్చేయండి, చేతివాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది. గడియారం సరిగ్గానే ఉండి మొరాయిస్తే ఎస్ఎంపీఎస్. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలోని ద్రవం ఏళ్ళ తరబడి వేడికి ఎండిపోతుంది, వాటి లోపలి నిరోధం పెరుగుతుంది. చలికి అది ఇంకా పెరుగుతుంది. అందుకే ఆదిలాబాద్ చలికాలంలో రోజూ మొరాయించేది మే నెలలో బుద్ధిగా ఉంటుంది. నాలుగైదుసార్లు నొక్కాక ఆన్ అవడానికీ కారణం అదే, ఆ కాస్త ప్రయత్నానికే కెపాసిటర్ వెచ్చబడుతుంది. ఇది తనంతట తాను తగ్గే జబ్బు కాదు. క్యాబినెట్‌తో ‘ఫ్రీ’గా వచ్చిన ఎస్ఎంపీఎస్ అయితే పరీక్షలన్నీ చేయకుండానే మార్చేసినా తప్పులేదు.

ఫ్యాన్ కుదిపి ఆగిపోతే

ఆన్ అవబోయి ఆగిందంటే ఎక్కువగా షార్ట్ లేదా ప్రాసెసర్‌కు కరెంటు అందకపోవడం. ప్రాసెసర్ పక్కనుండే 8 పిన్ల కనెక్టర్ (రెండు 4 పిన్ల ముక్కలు కలిపి పెట్టేది) రెండు ముక్కలూ క్లిక్‌మనేదాకా దిగాయో లేదో చూడండి. గ్రాఫిక్స్ కార్డు కనెక్టరూ అంతే, సందు కనిపించకూడదు.

తర్వాత బోర్డు కింద. క్యాబినెట్ రేకుకు బిగించిన ఇత్తడి స్టాండాఫ్‌ల (బోర్డును రేకుకు ఎత్తులో ఉంచే చిన్న గుంజలు) మీద బోర్డు కూర్చుంటుంది. క్యాబినెట్ పెద్ద ఏటీఎక్స్ బోర్డు కోసం సిద్ధం చేసి ఉండి, మీరు మైక్రో ఏటీఎక్స్ బోర్డు పెడితే, రంధ్రం లేని చోట ఒక స్టాండాఫ్ మిగిలిపోయి బోర్డు వెనక టంకానికి తగులుతుంటుంది. తగిలీ తగలనట్టుండటం వల్లే ఒకసారి ఆన్, ఒకసారి కాదు. టేబుల్ కదిపినా, కాలు తగిలినా తేడా వస్తోందంటే ఇదే మొదట చూడండి. కింద పడి మరిచిపోయిన స్క్రూ, పోర్టు లోపలికి వంగిన వెనక రేకు నాలుక కూడా ఈ కోవలోవే.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది

కొత్త బోర్డుల్లో చాలావాటికి ఓ అంచున నాలుగు చిన్న లైట్లుంటాయి: సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్క్) అని పక్కన రాసి ఉంటుంది. ఒక్కొక్కటీ వెలిగి ఆరుతూ పోవాలి. ఏది వెలిగి అక్కడే ఉండిపోతే తనిఖీ అక్కడ ఆగినట్టు. లైట్లు లేని బోర్డు అయితే చిన్న స్పీకర్ కొని స్పీకర్ పిన్లకు తగిలించండి, బీప్‌ల అర్థం మాన్యువల్‌లో ఉంటుంది.

డీర్యామ్ దగ్గర ఆగడమే ఎక్కువ. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) ఉన్న కంప్యూటరైతే తొందరపడకండి. మొదటిసారి, బయోస్ రీసెట్ చేసిన ప్రతిసారీ బోర్డు ర్యామ్‌తో వేగం కుదుర్చుకుంటుంది. ఏఎమ్5 (కొత్త ఏఎమ్‌డీ ప్రాసెసర్ల సాకెట్) బోర్డుల్లో ఇది చాలా నిమిషాలు పట్టవచ్చు, తెర అంతసేపూ నల్లగానే ఉంటుంది. మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడుతుంది. పదిహేను నిమిషాలు వదిలేసి రండి.

అది కాకపోతే ఈ వరసలో, ఒక్కోదానికీ మధ్య మూడింతల లెక్క పాటిస్తూ:

బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను ప్యాకెట్ మీది వేగంతో నడిపే సెట్టింగు) ఆపేయండి. ప్యాకెట్ మీద 3600, 6000 అని రాసి ఉన్న వేగాలు నిజానికి ఓవర్‌క్లాక్‌లు, అంటే మామూలు పరిమితిని దాటి నడపడం. అన్ని ప్రాసెసర్లూ ప్రతిరోజూ వాటిని మోస్తాయన్న హామీ లేదు. ఆపాక మొరాయించడం మానితే ఒక మెట్టు తక్కువ వేగంలో పెట్టుకుని వాడుకోండి, ఆ తేడా మీకు కనిపించదు. నాలుగు ర్యామ్ స్టిక్కులుంటే రెండు తీసేయండి. రైజెన్ 7000 ప్రాసెసర్లలో నాలుగు డీడీఆర్5 స్టిక్కులకు అధికారికంగా ఒప్పుకున్న వేగం 3600 మాత్రమే.

తర్వాత ఒక్క స్టిక్కుతో నడపండి. సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండో స్లాటు, బోర్డు మీద ఏ2 అని ఉంటుంది. రెండు స్టిక్కులకు ఏ2, బీ2. ఒక స్టిక్కును రెండు స్లాట్లలో, రెండో స్టిక్కునూ అలాగే మార్చి చూస్తే తప్పు స్టిక్కుదా, స్లాటుదా తెలిసిపోతుంది.

తీసినప్పుడు బంగారు పూత అంచు చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మసక పొర పట్టడం మామూలే. తెల్లని మెత్తని పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా ఒకే దిక్కుకు తుడిచి, పొడి పూర్తిగా దులిపేయండి. ఇంకు రబ్బరు వాడితే బంగారు పూత లేచిపోతుంది. దొరికితే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇంకా మేలు. హ్యాండ్ శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ జిడ్డుగా మిగిలిపోతుంది. మళ్ళీ పెట్టేటప్పుడు రెండు చివర్లూ క్లిక్‌మనాలి. ఒకవైపే గొళ్ళెం ఉన్న స్లాట్లలో రెండో వైపు పైకి లేచి ఉండి కూడా దిగినట్టే కనిపిస్తుంది.

ర్యామ్ మార్చినా డీర్యామ్ లైటే వెలుగుతుంటే కూలర్ బిగింపు చూడండి. ర్యామ్‌ను నడిపే భాగం ప్రాసెసర్‌లోనే ఉంది. ఒక మూల గట్టిగా, ఒక మూల వదులుగా బిగిస్తే సాకెట్ పిన్లు కొన్ని సరిగా తగలవు. స్క్రూలను కర్ణంగా, ఒక్కోటి రెండేసి చుట్లు తిప్పుతూ బిగించండి. ఏఎమ్4 (పాత ఏఎమ్‌డీ సాకెట్) కూలర్ తీసేటప్పుడు కంప్యూటర్‌ను కాసేపు నడిపి వెచ్చబరిచి, ఆపి, మెలితిప్పి తీయాలి. చల్లగా ఉన్నప్పుడు పైకి లాగితే పేస్టుకు అతుక్కున్న ప్రాసెసర్ పిన్లతో సహా ఊడి వస్తుంది.

వీజీఏ దగ్గర ఆగితే గ్రాఫిక్స్ కార్డు తీసి మళ్ళీ గట్టిగా పెట్టండి. రైజర్ కేబుల్ (గ్రాఫిక్స్ కార్డును స్లాటుకు దూరంగా పెట్టడానికి వాడే తీగ) వాడుతుంటే అది తీసి నేరుగా స్లాట్‌లో పెట్టండి. పాత రైజర్ జెన్ 4 (స్లాటు వేగపు తరం) వేగాన్ని మోయలేదు, బయోస్‌లో ఆ స్లాటును జెన్ 3కి మార్చితే చాలాసార్లు సర్దుకుంటుంది. కార్డు లేకుండా పరీక్షిద్దామంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉందో లేదో చూసుకోండి. ఇంటెల్‌లో చివర ఎఫ్ అక్షరమున్నవాటికి, ఏఎమ్4 రైజెన్‌లలో జీ అక్షరం లేనివాటికి దాదాపుగా ఉండదు.

లోగో దాకా వచ్చి ఆగితే

ఇది డిస్క్ సంగతి. డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చండి, బోర్డు మీదే స్లాట్‌లో ఉండే ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీ అయితే దాన్ని తీసి పెట్టి స్క్రూ బిగించండి. బయోస్ జాబితాలో డిస్క్ ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతుంటే, ఇంకేమీ ఆలోచించకుండా ఆన్ అయిన రోజునే ఫైళ్ళు వేరేచోటికి కాపీ చేయండి. డిస్క్ కనిపిస్తూనే విండోస్ ఇరుక్కుంటే ఫాస్ట్ స్టార్టప్ ఆపి చూడండి. అది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ అంటే సగం నిద్రే. షిఫ్ట్ కీ నొక్కి పట్టి షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది.

ఏదీ తేలకపోతే అట్టపెట్టె మీదికి

బోర్డును బయటికి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టండి. వెండిరంగు కవర్ మీద వద్దు, దాని పైపొర కరెంటును పోనిస్తుంది. బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్కు, ఎస్ఎంపీఎస్, అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు, అంతే. స్క్రూడ్రైవర్‌తో ఆన్ చేయండి. ఇలా ఎప్పుడూ మొరాయించకపోతే తప్పు క్యాబినెట్‌లో గానీ మీరు తీసేసిన భాగాల్లో గానీ ఉంది. ఒక్కొక్కటే తగిలిస్తూ రండి. ఇలా కూడా మొరాయిస్తే, మార్చి చూడాల్సిన వరస: ఎస్ఎంపీఎస్, ర్యామ్, మదర్‌బోర్డు. ప్రాసెసర్ చివర. అది చెడిపోవడం ఈ నాలుగింటిలో అరుదు.

వారంటీలో ఉన్న భాగమని తేలితే సర్వీస్ సెంటర్‌కు వెళ్ళేముందు ఫోన్‌లో వీడియో తీయండి: బటన్ నొక్కడం, ఏ లైటు దగ్గర ఆగిందో, మీటర్ అంకె ఎంతో, అన్నీ ఒకే షాట్‌లో. లేకపోతే వాళ్ళ టేబుల్ మీద అది మొదటిసారికే ఆన్ అవుతుంది, ‘బాగానే ఉంది సార్’ అని తిప్పి పంపేస్తారు. మీరు రాసుకున్న కాగితం కూడా పట్టుకెళ్ళండి, ముఖ్యంగా పొద్దున జబ్బు అయితే. రాత్రంతా కరెంటు లేకుండా ఉంచి తెల్లారి పరీక్షించమని జాబ్ షీటు మీద రాయించండి.